మోసపోయిన ఇంట్లో మౌనం

పత్తి ఏరే రోజుల్లో ఆసిఫాబాద్ బజారుకు వచ్చే కూలీల చేతివేళ్లను చూస్తే, వాటిమీద ముద్రలంటూ ఏమైనా మిగిలి ఉన్నాయా అన్న సందేహం కలుగుతుంది. ఎండి పగిలిన పత్తికాయ అంచులు ముళ్లలా ఉంటాయి. నెల రోజులు వాటితో పోరాడిన వేళ్లు గీసుకుపోయి, అరిగిపోయి, చలికి పగిలి ఉంటాయి. అటువంటి వేలితోనే ఈ జిల్లాలో వేలాదిమంది తమ కూలి డబ్బును, పింఛనును తీసుకోవాలి.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం జుహర్ నమాజు ముగించుకొని వస్తూ, చిన్న పనిమీద ఒక బ్యాంకు సేవాకేంద్రం ముందు ఆగాము. మాకు ముందు కెరమెరి వైపు నుంచి వచ్చిన ఒక వృద్ధురాలు నిలబడి ఉంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన యంత్రంపై ఆమె బొటనవేలు ఆనించింది. యంత్రం ఒప్పుకోలేదు.

"వేలు తీసుకుంటలేదు అవ్వా. కొంగుకు తుడిచి మళ్లొక్కసారి పెట్టు," అన్నాడు బల్ల వెనుక కూర్చున్న యువకుడు.

ఆమె తుడిచి పెట్టింది. మళ్లీ అదే మాట. ఈసారి ఎడమచేతి వేలు. ఐదోసారికో ఆరోసారికో యంత్రం కరుణించింది. ఆమె చేతిలో రెండు ఐదువందల నోట్లు పడ్డాయి. వాటిని కొంగున ముడివేసుకొని వెళ్లిపోయింది. అతడు రశీదు ఇవ్వలేదు. ఆమె అడగలేదు. వెనుక నిలబడిన మేము అడగవలసింది, మేమూ అడగలేదు. ఆ యువకుడు నిజాయితీపరుడే అయి ఉండవచ్చు, అలాగే భావిద్దాం. కానీ ఆ ఐదారు ముద్రల్లో ఎన్ని విఫలమయ్యాయో, ఎన్నిటికి ఖాతాలోంచి డబ్బు కదిలిందో అతనికీ యంత్రానికీ తప్ప మూడోవారికి తెలిసే అవకాశం లేదు.

మా వెనుక ఉన్న ఒక పెద్దమనిషి పరిస్థితిని గ్రహించి, "చదువురానివాళ్లు మోసపోక ఏమవుతారు చెప్పండి," అన్నాడు. సానుభూతితోనే అన్నాడు. అయినా ఆ మాట మమ్మల్ని ఇంటిదాకా వెంబడించింది. ఎందుకంటే అది అబద్ధమని మాకు స్వయంగా తెలుసు. ఎలా తెలుసో తరువాత చెబుతాము. చెప్పడానికి కొంచెం సిగ్గుపడవలసిన విషయమది.

'చదువురానివాడు మోసపోతాడు' అన్న మాట ఈ గడ్డమీద కొత్తది కాదు. ఆసిఫాబాద్ చుట్టుపక్కల అడవుల్లో గోండులు, కోలాములు సాగుచేసుకున్న భూములు వారి చేతుల నుంచి ఎలా జారిపోయాయో పెద్దలు నేటికీ చెబుతారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తరువాత, ఈ ఆదివాసుల అసంతృప్తికి కారణమేమిటో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. ఆస్ట్రియా దేశస్థుడైన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఆ పనిమీద ఇక్కడికి వచ్చి, నేటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో కాపురం పెట్టాడు. ఆయన, ఆయన భార్య సమాధులు ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉన్నాయి. తరతరాలుగా దున్నుకుంటున్న నేల తమదేనని నమ్మిన గోండులు, ఆ నేల కాగితాల్లో ఎవరి పేరనో నమోదై ఉందని ఎంత ఆలస్యంగా తెలుసుకున్నారో ఆయన నివేదికలు వివరించాయి.

ఆ గోండులు తెలివితక్కువవారా? అడవిలో ఏ చెట్టు ఏ నెలలో ఏమిస్తుందో, ఏ నేలలో ఏ గింజ పండుతుందో వారికి తెలిసినంత పట్వారీకి తెలియదు. వారు మాట్లాడేది గోండీ. కాగితాలు నడిచింది ఉర్దూలో. వారు ఇచ్చేది మాట. ఎదుటివాడు అడిగేది ముద్ర. అవతల కూర్చున్నవాడు అధికారి, తొందరపెడుతున్నాడు, వెనుక ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. ఆ పరిస్థితిలో వేలు పెట్టని మనిషి ఎవరు? మన చేతిలోని ఫోన్‌లో పది పుటల ఆంగ్ల షరతుల కింద 'అంగీకరిస్తున్నాను' అని ఉన్నచోట మనలో ఎంతమంది చదివి నొక్కాము? పట్టభద్రులమైన మనకూ, ఆనాటి ఆ గోండు రైతుకూ ఆ క్షణంలో ఉన్న తేడా ఏమిటి?

వేలిముద్ర పుట్టుక కూడా కొంచెం తెలుసుకోదగినది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారుతో ఒప్పందం రాయించుకొని, దాని వెనుక అతని అరచేతి ముద్ర వేయించాడు. ఆ సంతకం నాది కాదని రేపు అతడు బుకాయించకుండా భయపెట్టడమే తన ఉద్దేశమని హెర్షెల్ దాచుకోకుండా చెప్పుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. లక్షల ముద్రల్లోంచి ఒకదాన్ని వెదికి పట్టుకునే గణిత పద్ధతిని రూపొందించడంలో ఖాజీ అజీజుల్ హఖ్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీ ఉద్యోగుల కృషి ఎంతో ఉంది. పేరు మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. ప్రపంచమంతా దాన్ని 'హెన్రీ పద్ధతి' అనే పిలిచింది. అది వేరే కథ. ఇక్కడ మేము చెప్పదలచినదేమిటంటే, వేలిముద్ర పుట్టింది ముద్ర వేసేవాణ్ని కాపాడటానికి కాదు, వేయించుకునేవాణ్ని కాపాడటానికి.

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన ఆయతు అప్పు పత్రాల గురించినదని ఈ పత్రిక పాఠకులకు తెలుసు. బఖరా సూరాలోని 282వ ఆయతు అది. అందులో మమ్మల్ని ఎప్పుడూ ఆశ్చర్యపరిచే అంశం ఒకటుంది. పత్రంలో ఏం రాయాలో చెప్పవలసినది అప్పు ఇచ్చేవాడు కాదు, తీసుకునేవాడు. అతడు బలహీనుడో, చెప్పలేనివాడో అయితే అతని సంరక్షకుడు అతని తరఫున న్యాయంగా చెప్పాలి. ఇద్దరు సాక్షులుండాలి. అంటే కాగితాన్ని బలహీనుడి నోటి నుంచి మొదలుపెట్టమని ఆదేశం. సేవాకేంద్రం ముందు ఆ అవ్వ పక్కన సంరక్షకుడూ లేడు, సాక్షీ లేడు. ఉండవలసిన మేము మా వంతు ఎప్పుడొస్తుందా అని గడియారం చూసుకుంటున్నాము.

వేలు దొంగిలించడం సాధ్యమా అని కొందరు అడుగుతారు. సాధ్యమేనని మన ఉత్తర తెలంగాణలోనే రుజువైంది. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. పోలీసులు చెప్పిన ప్రకారం, అతడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉన్న భూమి దస్తావేజులను దించుకొని, వాటిపై ఉన్న ఆధార్ నంబర్లను, వేలిముద్రలను తీసుకున్నాడు. రబ్బరు స్టాంపులు తయారుచేసే పద్ధతిలోనే ఆ ముద్రలకు నకళ్లు చేశాడు. వాటితో వేల సంఖ్యలో సిమ్ కార్డులను ఇతరుల పేర్ల మీద ప్రారంభించాడు. ఎందుకయ్యా అంటే, కంపెనీ పెట్టిన అమ్మకాల లక్ష్యం పూర్తి చేయడానికట! నాలుగెకరాలు కొనుక్కొని సంతోషంగా దస్తావేజుపై వేలుపెట్టిన రైతుకు, ఆ వేలు ధర్మారంలో రబ్బరుముక్కగా మారిందని ఎలా తెలుస్తుంది? అతడు ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. ఏ లింకూ నొక్కలేదు. అతని చదువుతోగాని, లోకజ్ఞానంతోగాని దీనికి సంబంధమే లేదు.

ఆధార్ ఆధారిత చెల్లింపులో డబ్బు తీయడానికి కావలసినవి మూడే: ఆధార్ సంఖ్య, ఖాతా ఉన్న బ్యాంకు పేరు, వేలిముద్ర. కార్డు అక్కర్లేదు, రహస్య సంఖ్య అక్కర్లేదు. బ్యాంకు శాఖ లేని పల్లెకు ఇది గొప్ప సౌకర్యమే, కాదనము. ఈ పద్ధతి రాకముందు వెయ్యి రూపాయల కోసం ఒక రోజు కూలి పోగొట్టుకొని, బస్సు చార్జీ పెట్టుకొని పట్నానికి వచ్చినవారు ఎందరో. యంత్రాన్ని తిట్టడం మా ఉద్దేశం కాదు. అయితే ఇటువంటి మోసం జరిగితే ఖాతాదారుడికి రక్షణ ఉన్నదన్న సంగతి యంత్రాన్ని ఊరూరా పంచినంత శ్రద్ధగా ఎవరూ పంచలేదు.

ఆ రక్షణ ఇది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ జారీ చేసింది. ఖాతాదారుడి తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేకుండా మూడోవాడు డబ్బు కాజేస్తే, ఆ సమాచారం తనకు అందిన మూడు పనిదినాల్లోగా బ్యాంకుకు తెలియజేసినవాడి మీద ఒక్క రూపాయి భారం కూడా పడకూడదు. బ్యాంకు పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమచేయాలి. నాలుగు నుంచి ఏడు రోజులు ఆలస్యమైతే బాధ్యత ఒక పరిమితి వరకు ఖాతాదారుడి మీద పడుతుంది. ఒకవేళ తానే ఓటీపీ చెప్పి పొరపాటు చేసినా, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టమే అతనిది. తెలియజేసిన తరువాత జరిగేది బ్యాంకుది. లెక్కంతా 'ఎప్పుడు చెప్పావు' అన్నదాని చుట్టూ తిరుగుతుంది. మూడు రోజులు చిన్న గడువేమీ కాదు. కానీ మన ఇళ్లలో ఆ మూడు రోజులూ ఎలా గడుస్తాయో చూడండి. మోసపోయిన మనిషి మొదటి రోజు నమ్మలేడు. రెండో రోజు ఎవరికి చెబితే ఏమంటారోనని కుమిలిపోతాడు. మూడో రోజు, పోయింది ఎలాగూ పోయింది, పరువైనా దక్కించుకుందామనుకుంటాడు.

ఇక చదువుకున్నవారి సంగతి. వర్ధమాన్ గ్రూపు అధినేత ఎస్.పి. ఓస్వాల్ దేశంలోని పెద్ద పారిశ్రామికవేత్తల్లో ఒకరు, పద్మభూషణ్ గ్రహీత. 2024లో మోసగాళ్లు ఆయనను వీడియో కాల్‌లో 'డిజిటల్ అరెస్టు' చేశామని బెదిరించారు. సుప్రీంకోర్టు విచారణ జరుగుతున్నట్లు నకిలీ దృశ్యం సృష్టించి, ఏకంగా 7 కోట్ల రూపాయలు బదిలీ చేయించుకున్నారు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదని ప్రధానమంత్రి ఆ ఏడాది అక్టోబరు 'మన్ కీ బాత్'లో స్వయంగా చెప్పవలసి వచ్చింది. ఓస్వాల్‌ను చూసి నవ్వినవారు ఉన్నారు. మాకు మాత్రం ఆయన మీద గౌరవం కలిగింది. ఎనభై దాటిన వయసులో, అంత హోదాలో ఉండి, నేను మోసపోయానని పోలీసులకు చెప్పారు, పత్రికలకు చెప్పారు. అలా చెప్పినందువల్లనే అందులో 5 కోట్లకు పైగా తిరిగి దొరికింది. అదే ఆయన పరువు గురించి ఆలోచించి నెల రోజులు ఊరుకుని ఉంటే?

ధార్మికులమైన మనం వేరని అనుకోవడానికీ వీల్లేదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూపు, బెంగళూరు కేంద్రంగా నడిచిన ఐఎంఏ సంస్థల పేర్లు విననివారు మన సమాజంలో ఉండరు. వడ్డీ లేని ధర్మసమ్మతమైన పెట్టుబడి అన్న మాట మీదనే వేలాది కుటుంబాలు తమ పొదుపును వాటిలో పెట్టాయి. 2018 అక్టోబరులో మొదటి సంస్థ అధినేత్రి అరెస్టయ్యారు. 2019 జూన్‌లో రెండో సంస్థ స్థాపకుడు దేశం విడిచి వెళ్లి, జూలైలో తిరిగివచ్చి అరెస్టయ్యాడు. ఆ కేసుల్లో తీర్పు చెప్పడం న్యాయస్థానాల పని. మేము గమనించింది మదుపరుల వైపు సంగతి. వడ్డీకి భయపడి బ్యాంకు డిపాజిట్టును కూడా ముట్టని మనిషి, వ్యాపారమేమిటో, లాభం ఎక్కడి నుంచి వస్తుందో అడగకుండానే నెలనెలా వచ్చే సొమ్మును లాభమని నమ్మాడు. అడగడం అవిశ్వాసమవుతుందనుకున్నాడు. ఎవరైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోమని హుజురాత్ సూరా చెప్పినది ఇరుగుపొరుగు చాడీలకు మాత్రమేనా? డబ్బు పోయిన తరువాత కూడా వారిలో అనేకులు నోరు విప్పలేదు. సంస్థపై ఫిర్యాదు చేస్తే ధర్మానికి అపకీర్తి వస్తుందని ఒకరు, తాము చేర్పించిన బంధువులకు ముఖం చూపించలేక మరొకరు!

ఇప్పుడు మా సంగతి.

క్రిందటి సంవత్సరం ఒక రాత్రి, ఇషా తరువాత భోజనం చేసి కూర్చున్నాము. వాట్సాప్‌లో పరిచయస్థుడి నంబరు నుంచి ఒక ఫైలు వచ్చింది. ట్రాఫిక్ చలానా అని రాసి ఉంది. అంతకు వారం రోజుల క్రితమే మేము బండిమీద మంచిర్యాల వెళ్లివచ్చాము. రెబ్బెన దాటిన తరువాత ఉక్కపోతగా ఉందని హెల్మెట్ తీసి ముందు తగిలించుకున్న మాట నిజం. కనుక చలానా పడే ఉంటుందని మనసు వెంటనే ఒప్పుకుంది. దోషి మనసును మోసగించడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. ఫైలు నొక్కాము. మెసేజులు చదవడానికి అనుమతి కావాలని అడిగింది, ఇచ్చాము. ఆ తరువాత ఏదో పేజీ వచ్చి పోయింది. చలానా ఏదీ కనబడలేదు. ఆ పరిచయస్థుడు మాకు చలానా ఎందుకు పంపుతాడన్న ప్రశ్న అప్పుడు తట్టలేదు. గంట తరువాత ఎందుకో అనుమానం వచ్చి ఖాతా చూసుకుంటే రెండు దఫాలుగా తొమ్మిదిన్నర వేలు పోయి ఉన్నాయి.

మదర్సా పిల్లలకు, కాలేజీ కుర్రాళ్లకు 'ఓటీపీ ఎవరికీ చెప్పకండి, తెలియని ఫైలు తెరవకండి' అని ఉపన్యాసాలిచ్చిన మనుషులం మేము. ఇంట్లో ఫోన్ విషయంలో పిల్లలను మందలించేదీ మేమే. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఫోన్ ఆపి తలగడ కింద పెట్టుకొని పడుకున్నాము. నిద్రపోయామని మాత్రం అనలేము.

ఫజ్ర్ తరువాత మా శ్రీమతి మా ముఖం చూసి, "ఏమైందండీ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. రెండుసార్లు లేదని, మూడోసారి విషయం చెప్పాము. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. ఇంటర్ చదివే మా అమ్మాయిని లేపింది. అమ్మాయి కళ్లు నులుముకుంటూనే 1930కి ఫోన్ చేసింది. అవతలి వ్యక్తి ఖాతా వివరాలు, లావాదేవీల సంఖ్యలు అడిగి రాసుకొని, ఎప్పుడు జరిగిందన్నాడు. రాత్రి పదింటికి. మరి ఇప్పుడెందుకు చెబుతున్నారన్నాడు. అమ్మాయి మా వైపు చూసింది. మా దగ్గర జవాబు లేదు. డబ్బు అప్పటికే ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు, అక్కడి నుంచి ఇంకొకదానికి వెళ్లి నగదుగా బయటపడింది. చివరికి పన్నెండు వందలు మాత్రం ఆగాయి.

అంతటితో అయిపోతే ఇది చెప్పుకోదగిన కథ కాదు. మేము తెరిచిన ఆ ఫైలు, మేము ఫోన్ ఆపేలోపే మా వాట్సాప్ నుంచి మాకు తెలిసిన అందరికీ, మా గ్రూపులన్నిటికీ మా పేరు మీద వెళ్లింది. మా వీధిలో బట్టలు కుట్టుకుంటూ ఇద్దరు పిల్లలను సాకుతున్న ఒక సోదరి తెల్లవారుజామున దాన్ని తెరిచింది. కుట్టుమిషను కంతు కోసం దాచుకున్న ఆరు వేలు పోయాయి.

"మీ పేరు చూసి తెరిచాను భాయీసాబ్," అన్నది ఆమె. నిష్ఠూరంగా అనలేదు. అలా అని ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

రాత్రి పదకొండింటికి ఇంట్లో వాళ్లను పిలిచి, గ్రూపులన్నిటిలో 'మా పేరుతో వచ్చిన ఫైలు తెరవకండి, మేము మోసపోయాము' అన్న ఒక్క వాక్యం వాళ్ల ఫోన్ నుంచి పంపించి ఉంటే ఆమె ఆరు వేలు ఆమె డబ్బాలోనే ఉండేవి. ఆ మొత్తాన్ని మేము రెండు నెలల్లో ఆమెకు ముట్టజెప్పాము. వద్దంటే బతిమాలి ఇచ్చాము. ఫైలు తెరవడం పొరపాటు. దాచడం మాత్రం పొరపాటు కాదు, అది మేము తెలిసి చేసిన పని.

మోసగాళ్లకు ఈ సిగ్గు సంగతి మనకంటే బాగా తెలుసు. అప్పు యాప్‌ల వాళ్లు దాన్ని ఏకంగా తాకట్టుగానే పెట్టుకున్నారు. ఐదు వేలు అప్పిచ్చేముందు వాళ్లు ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కునేవాళ్లు. కిస్తు ఒక రోజు ఆలస్యమైతే అమ్మకు, మేనమామకు, ఆఫీసులో పై అధికారికి ఫోన్లు, మార్చిన ఫొటోలు. 2020 డిసెంబరులో తెలంగాణలో ఈ వేధింపులకు ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు వరుసగా వచ్చాయి. ఆ తరువాత పోలీసులు దాడులు చేశారు, అరెస్టులు జరిగాయి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పు యాప్‌లు ఫోన్‌లోని నంబర్లను, ఫొటోలను ముట్టరాదని నియమం పెట్టింది. నియమం మంచిదే. కానీ ఆ యువకులు చనిపోయింది అప్పు తీర్చలేక మాత్రమే కాదు, ఇంట్లో చెప్పలేక. వడ్డీ హరామ్ అని చెప్పడంలో మనం ఏనాడూ వెనుకాడలేదు. వడ్డీలో పడ్డ కొడుకు ఇంటికి వచ్చి ఆ మాట చెప్పగలిగే వాతావరణం ఇంట్లో ఉందా లేదా అన్నది మనం ఎన్నిసార్లు చూసుకున్నాము?

వయసు మళ్లిన తల్లిదండ్రులు చెప్పరు, చెబితే పిల్లలు ఫోన్ లాక్కుంటారని. నిజానికి లాక్కుంటారు కూడా. 'నీకెందుకమ్మా ఈ వయసులో' అంటారు. భార్య చెప్పదు, భర్త పదేళ్లదాకా ఎత్తిపొడుస్తాడని. భర్త చెప్పడు, అతడు భర్త కదా. ఇంటిలో ఎవరి కారణం వారికి ఉంటుంది. అవతల దొంగకు కావలసింది కూడా అదే. 'ఈ విషయం ఎవరికీ చెప్పొద్దు' అని ఫోన్‌లో ఎవరైనా అన్నారంటే ఇక మిగతా మాటలు వినవలసిన పనే లేదు. పోలీసైనా, బ్యాంకైనా, కోర్టైనా ఆ మాట అనదు. కాల్ పెట్టేసి పక్కగదిలో ఉన్నవారిని పిలవాలి. నష్టం జరిగిపోతే 1930. ఫోన్ దొరకకపోతే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు. ఆపైన బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. ఆగిపోయిన సొమ్మును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించడం మన రాష్ట్రంలో జరుగుతూనే ఉంది. ఫిర్యాదే లేని సొమ్మును ఏ అదాలత్ ఇప్పిస్తుంది?

వేలిముద్రల విషయంలో ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ తాళం వేసుకోవచ్చునని అందరూ సలహా ఇస్తారు. ఫోన్ వాడేవారు తప్పకుండా వేసుకోవాలి. మేము వేసుకున్నాము, ఐదు నిమిషాల పని. కానీ ఆ సలహా కెరమెరి అవ్వకు పనికిరాదు. ఆమె బియ్యం, కూలి, పింఛను అన్నీ ఆ వేలితోనే నడుస్తాయి. ప్రతిసారీ తాళం తీయడానికి ఓటీపీ కావాలి. ఓటీపీ రావడానికి ఫోన్ కావాలి. ఆమెకు కావలసింది యంత్రం ఒప్పుకోని ప్రతిసారీ, ఒప్పుకున్న ప్రతిసారీ చేతికి ఒక చీటీ. నెలకొకసారి పాసుపుస్తకంలో అచ్చు. చీటీ ఇవ్వమని అడిగే ఒక నోరు. మొదటిది, రెండోది బ్యాంకులు చేయాలి. మూడోది వరుసలో వెనుక నిలబడ్డవారు చేయవచ్చు. ఇప్పుడు మేము ఆ కేంద్రానికి వెళ్లినప్పుడల్లా ముందున్నవారి తరఫున చీటీ అడుగుతున్నాము. ఆ యువకుడు మొదట విసుక్కున్నాడు. ఇప్పుడు మమ్మల్ని చూడగానే చీటీల కట్ట బయటకు తీస్తున్నాడు.

మా కథ జరిగిన వారానికి జుమా వచ్చింది. ఇమాము గారి అనుమతి తీసుకొని, నమాజు తరువాత లేచి నిలబడి జరిగినదంతా చెప్పాము. కొంత ఉర్దూలో, కొంత తెలుగులో. హెల్మెట్ సంగతి చెప్పినప్పుడు వెనుక వరుసలో కుర్రాళ్లు నవ్వారు. నవ్వనిచ్చాము. చెప్పడం పూర్తయ్యేసరికి మా చొక్కా వీపున తడిసి ఉంది.

బయటకు వచ్చి చెప్పులు వెదుక్కుంటుండగా ఒక పెద్దాయన వచ్చి మా మోచేయి పట్టుకున్నాడు. ప్రభుత్వ ఉద్యోగం చేసి విరమించిన మనిషి. ఊళ్లో ఎవరికి దరఖాస్తు రాయాలన్నా ఆయన దగ్గరికే వెళతారు. పక్కకు తీసుకువెళ్లి, "నాకూ అయింది బేటా. నాలుగు నెలలైంది. ఇంట్లో తెలియదు," అన్నాడు. ఎంత పోయిందని అడిగాము. నోటితో చెప్పలేదు, వేళ్లు చూపించాడు. వేలల్లో కాదు.

బస్టాండు దగ్గరి చాయ్ హోటలులో మూలబల్ల వద్ద కూర్చున్నాము. తెల్లకాగితం తెప్పించాము. ఆయన జేబులోంచి తన కలమే తీశాడు. పైన కుడివైపు తేదీ దగ్గర ఆగిపోయి, డబ్బు పోయిన రోజు వేయాలా, ఈ రోజుది వేయాలా అని అడిగాడు. రెండూ వేయమన్నాము.